సైలెన్సర్ పక్క జేబు

ఇంటర్ పరీక్షలయ్యాక శని, ఆదివారాలు బైక్ మీద డెల్టా అంతా తిప్పుతానని బాబాయి మాటిచ్చాడు. బాబాయి అంటే నాన్న తమ్ముడు, హైస్కూల్లో సోషల్ మాస్టారు, రాజమండ్రిలో మా పక్క వీధిలోనే ఉంటాడు. నాకు వెళ్లాలని ఉంది, భయం కూడా ఉంది. పద్నాలుగో ఏట నుంచి నాకు షుగర్. రోజుకి నాలుగుసార్లు ఇన్సులిన్ చేసుకోవాలి. ఆ సంగతి అమ్మకీ నాన్నకీ నాకూ తప్ప ఎవరికీ తెలియకూడదు. బాబాయికి తెలిస్తే పిన్నికి తెలుస్తుందనీ, పిన్నికి తెలిస్తే ఆదివారానికల్లా చర్చి మొత్తానికి తెలుస్తుందనీ అమ్మ భయం. ఇప్పుడు కూడా నా పేరు లేకుండానే రాస్తున్నాను.

బయల్దేరే ముందురోజు బ్యాగ్ కొనడానికి మెయిన్ రోడ్డులో ఒక షాపుకి వెళ్లాం. బాబాయి సీటు వెనక కట్టే ఒకే అర ఉన్న బ్యాగ్ చూశాడు, పదిహేను వందలు. దాంతోపాటు మెడలో వేసుకునే చిన్న బ్యాగ్ ఊరికే ఇస్తానన్నాడు షాపాయన. నేను వద్దన్నాను. సీటుకి రెండు పక్కలా వేలాడే బ్యాగ్ తీసుకుందామని పట్టుబట్టాను, రెండు వేల రెండొందలు. దాని కుడివైపు సంచికి వెనక ఎవరి కంటా పడని ఒక జిప్పు జేబుంది. నేను చూసింది అదొక్కటే. షాపాయన మాత్రం బాబాయితో, "మాస్టారూ, కుడిపక్క కాస్త పైకి కట్టండి, సైలెన్సర్ వేడి తగులుతుంది" అన్నాడు. బాబాయి తలూపాడు. పైకి కడితే జేబు బయటికి కనిపిస్తోందని పొద్దున్నే నేనే తాళ్లు వదులు చేశాను.

శనివారం ఐదున్నరకి బయల్దేరి, ధవళేశ్వరం మీదుగా కాలవ గట్టు పట్టుకుని రామచంద్రపురం, అక్కడి నుంచి ద్రాక్షారామం చేరేసరికి ఎనిమిది కావొస్తోంది. మధ్యలో టీకి రెండుసార్లు ఆగాం. గుడి వీధి దగ్గర చిన్న హోటల్లో ఉప్మా పెసరట్టు అరవై రూపాయలు. అట్లు పోస్తున్న ఆవిడ నా మొహం చూసి, రాత్రి నిద్ర లేదా అమ్మా అంది. నిజంగానే లేదు.

తినేముందు ఇంజెక్షన్ చేసుకోవడానికి నా దగ్గర ఒక ఉపాయం ఉంది. మా ఇంట్లో ప్రార్థన చెయ్యకుండా ఎవరూ ముద్ద నోట్లో పెట్టరు. హోటల్లో అయినా అంతే. బాబాయి ప్రార్థన మరీ పొడుగు, వండినవాళ్ల నుంచి దారిలో లారీ డ్రైవర్ల దాకా అందరూ వస్తారు. అంతసేపూ కళ్లు మూసే ఉంటాడు. ఆలోగా చున్నీ చాటున పని అయిపోతుంది. ఆ రోజూ అలాగే చేసుకున్నాను. కాకపోతే బ్యాగ్ జేబులో స్టీలు డబ్బాలోంచి తీసిన ఇన్సులిన్ పెన్ను టీ గ్లాసులా కాలుతోంది.

అక్కడి నుంచి యానాం ముప్పావు గంట. గోదావరి ఒడ్డున నడవడానికి మంచి దారి ఉంది, తొమ్మిది లోపు వెళ్తే హాయిగా ఉంటుందట. మాకు ఎండ ఎక్కింది. బాబాయి ఫొటోలు తీసుకుంటుంటే నేను నీడలో బెంచీ మీద కూలబడ్డాను. కాళ్లు ఇసుక మూటల్లా ఉన్నాయి. మూడో నీళ్ల సీసా తాగుతుంటే బాబాయి, "కాస్త గోదావరిలో కూడా ఉంచవే, అవతల రైతులున్నారు" అన్నాడు. నవ్వాను. తర్వాత బాత్రూమ్‌లో షుగర్ చూసే మిషన్‌తో చూసుకుంటే నాలుగు వందల పన్నెండు. వేడికి ఇన్సులిన్ పాడైపోయింది. ఇంకో పెన్ను ఉంది, అదీ ఆ జేబులోనే. చెబితే రహస్యం పోతుంది, చెప్పకపోతే ఏమవుతుందో తెలుసు. అయినా చెప్పకుండానే వచ్చి బండెక్కాను.

యానాంలో మద్యం చవక, అందుకే దాటగానే చెక్‌పోస్టులో సీసాల కోసం బళ్లు ఆపి చూస్తారు. ఆ వైపు వెళ్లేవాళ్లు పది నిమిషాలు ఎక్కువ వేసుకోండి. కానిస్టేబుల్ బ్యాగ్‌ని పైనుంచి తడిమి, ఎవరి కంటా పడదనుకున్న జేబు మొట్టమొదటే తెరిచాడు. స్టీలు డబ్బా, సూదులు. ఏంటండి ఇవి అని అడిగాడు.

బాబాయి హెల్మెట్ తీసి, "మా అమ్మాయి ఇన్సులిన్ అండి. ఎండ తగలకూడదు, ఇలా ఇవ్వండి" అన్నాడు.

డబ్బా చేతిలోకి తీసుకోగానే దాని వేడి ఆయనకి తెలిసింది. నా వంక చూశాడు. డబ్బా తన చొక్కా జేబులో వేసుకున్నాడు. రామచంద్రపురం దాకా ఎక్కడా ఆగలేదు. మెడికల్ షాపు ముందు మాత్రం, మందు పేరు నువ్వే చెప్పాలమ్మా, నాకు తెలీదన్నాడు. ఇంటి బయట ఆ పేరు పైకి చెప్పడం నాకు అదే మొదలు. చల్లటి పెన్ను, ఐసు సంచి ఇచ్చారు. ఎప్పటి నుంచి తెలుసని బాబాయిని అడిగాను.

"మీ ఫ్రిజ్‌లో గుడ్ల వెనక దాస్తే కనపడదనుకున్నారా?"

"పిన్నికి తెలుసా?"

"తెలిస్తే ఈపాటికి ఊరందరికీ తెలిసేది."

పన్నెండు దాటాక అక్కడే పక్క హోటల్లో భోజనానికి కూర్చున్నాం. ప్లేటు నూట ఇరవై, కొరమేను పులుసు బాగుందట, నాకు రుచి తెలియలేదు. బాబాయి కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. వండినవాళ్లు, వడ్డించేవాళ్లు, లారీ డ్రైవర్లు, చెక్‌పోస్టు కానిస్టేబుల్ కూడా అయిపోయారు. కొత్త పెన్నుకి సూది సరిగ్గా బిగుసుకోలేదు. ఆయన మాట ఆగింది గానీ కళ్లు తెరవలేదు.

"అయిందా అమ్మా?" అన్నాడు మెల్లగా.

ఇంకా లేదన్నాను. మళ్లీ వండినవాళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. అయిందన్నాక ఆమెన్ అన్నాడు.

మూడేళ్లుగా ఈయన ప్రార్థన ఎందుకింత పొడుగని విసుక్కున్నాను. అలసటలో సగం ప్రయాణానిది కాదు, దాచడానిది. షుగర్ దిగేదాకా మిషన్‌తో చూసుకుంటూ ఆ సాయంత్రం బాబాయి స్నేహితుడి ఇంట్లో పడుకున్నాను. ఆదివారం మెల్లగా ఇంటికొచ్చాం. బాబాయికి తెలుసని అమ్మకి ఇంకా చెప్పలేదు.

బ్యాగ్ కొనేవాళ్లకి ఒక్క మాట. బట్టలు సీటు వెనక ఎక్కడైనా కట్టుకోండి, మందులు మాత్రం మెడలో వేసుకునే చిన్న బ్యాగ్‌లో, తడిగుడ్డ చుట్టి, నీడన మీ ఒంటి మీదే ఉంచుకోండి. అది అందరికీ కనిపిస్తుంది. నేను అందుకే వద్దన్నాను.