షటిల్ కట్టెతో చేసిన చేప

ఏడాదంతా బేరమాడకుండా చేపలు కొంటానని పందెం కాసిన బట్టల దుకాణందారు కోరుట్ల మొత్తంలో నేనొక్కణ్ణే. గుండుసూది కొనడానికైనా రెండు దుకాణాలు తిరిగే ఇంట్లో పెరిగినవాణ్ణి.

తెలంగాణ ఉద్యమం రోజులు. బందులతో వారంలో సగం రోజులు మా షట్టర్ దిగే ఉండేది. చేతులు ఊరుకోక, సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర పారేసిన షటిళ్లు, నూలు కండెను అటూ ఇటూ మోసే కట్టె నాడెలు, తెచ్చి, ఆ కట్టెను చేపపిల్లల్లా చెక్కి గాలాలు బిగించాను. ఎర అక్కర్లేదు, వీటిని చూసే కొర్రమీను వస్తుందని చేపలమ్మే అక్క ముందు కోతలు కోశాను.

"చేపలు నీ గిరాకీలనుకున్నవా సేటు, ఏది సూపిస్తె గది తీస్కపోను?"

"నెల రోజులల్ల పట్టి సూపిస్త. పట్టకుంటె ఏడాది దాంక నువ్వు జెప్పిందే రేటు."

"గంప మీద చెయ్యేసి చెప్పు," అంది. వేశాను.

ఆరు చెక్కాను. ఆరూ నీళ్లలో వెల్లకిలా తేలాయి. గడువు నాలుగు రోజులుందనగా, లంగాల గుడ్డ కోసం సిరిసిల్ల పోయినప్పుడు, సిగ్గు విడిచి ఒకదాన్ని ముసలి నేత కార్మికుడికి చూపించాను. కరెంటు కోతతో ఆయన మగ్గం ఆగి ఉంది.

"షటిల్ గూడ గింతే కొడుకా. బరువు సక్కగ లేకుంటె ఎగిరి బయట పడ్తది."

పొట్టలో తొలిచి సీసం కూరాడు. మూతి కింద డబ్బా రేకు ముక్క గుచ్చాడు. నీళ్ల గోలెంలో వదిలి దారం లాగాడు. కట్టె తల ఊపింది, తోక ఊపింది, ఎవరో తరుముతున్నట్టు ఈదింది. ఎట్లా చేశాడో పక్కనే నిలబడి చూశాను. అయినా కరుస్తుందేమోనన్నట్టు చెయ్యి వెనక్కు తీసుకున్నాను. ఎంతివ్వాలని అడగడం కూడా తోచలేదు.

చివరి రోజు పొద్దున మా ఊరి చెరువులో విసిరాను. మూడోసారి లాగుతుంటే అడుగు నుంచి నల్లటి నీడ లేచింది. మోచేయంత కొర్రమీను. తొందరపడలేదు. కట్టె వెనకే వచ్చి, పక్కకు జరిగి, దాన్నే చూసింది. నా ఎదుట అంత శ్రద్ధగా సరుకు చూసినవాళ్లు లేరు. తరువాత నోరు తెరిచింది. నీళ్లు చిమ్మాయి. దారం తెగింది. జగిత్యాలలో గీసి గీసి బేరమాడి పది రూపాయలు తగ్గించుకున్న పాత దారం అది.

"పట్టినవా?" అంది అక్క. చెరువు దగ్గర చూసిన సాక్షులెవరూ లేరు, ఏం చెప్పినా చెల్లేది.

"అది నా కట్టెను పట్టింది. నేను దాన్ని పట్టలే."

"ఇగ రా మరి, గంప కాడికి."

ఏడాది తిరిగాక లెక్క వేశాను. గాలాలకు అరవై, దారానికి ముప్పై. చేపల మీద తగ్గించుకోలేకపోయింది వారానికి ఇరవై చొప్పున వెయ్యి నలభై. మొత్తం పదకొండు వందల ముప్పై రూపాయలు. పట్టిన చేపలు లేవు.