పాటగాడి వెనకాల లారీ

సాయంత్రం మా సందులోకి డీజే పెట్టెలు కట్టిన ట్రాక్టరు వచ్చింది. ఎవరో హీరో పుట్టినరోజు. కిటికీ అద్దాలు అదిరాయి, వంటగదిలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. మూడేళ్ళ మా పాప పెరుగన్నం నోట్లో ఉండగానే భుజం ఎగరేసి ఆ హీరో స్టెప్పు వేసింది. నేను నేర్పలేదు. ఎవరు నేర్పారో తెలియదు. ఎదురు బాల్కనీల్లోంచి చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఎవరి ఫోను మా వైపు తిరిగి ఉందో చూసుకుంటూ పాపను లోపలికి లాక్కొచ్చాను. అది ఏడ్చి ఏడ్చి ఇప్పుడే పడుకుంది. అందరూ పాట చూస్తుంటే దాని వెనకాల ఏముందోనని వెతికే ఈ జబ్బు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. పర్చూరులో డిగ్రీ చదివేటప్పుడు ఇంగ్లీషు చెప్పిన వసుంధర మేడం దగ్గర అంటుకుంది.

ఆవిడ రోజూ చీరాల నుంచి బస్సులో వచ్చేవారు. గంజి పెట్టిన నేత చీర, మగవాళ్ళు పెట్టుకునేంత పెద్ద గడియారం. ఎవరినీ గట్టిగా కసిరేవారు కాదు గానీ, మనం చెప్పింది ఒక క్షణం నమ్మనట్టు చూసేవారు. ఒక శనివారం మమ్మల్ని కంప్యూటర్ ల్యాబులో కూర్చోబెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టించి, ఏదో దూరదేశపు సినిమా వేశారు. సైన్యం ఏలుతున్న ఊరు. అందులో ఒక మంగలి. టీవీలో పాడే ఒక పాటగాడిలా తయారవాలని అతనికి పిచ్చి. అదే జుట్టు, అదే తెల్ల కోటు. టీవీలో తనకొక్క అవకాశం ఇప్పిస్తారని, గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్ళ మాటలు సైనికులకు మోస్తుంటాడు.

కోటు తొడుక్కుని అతను మొదటిసారి వీధిలోకి వచ్చి ఆడగానే మా వెనక బెంచీలోంచి ఈల పడింది. ఈల వేసింది శీను, ఊళ్ళో ఒక సినిమా హీరో అభిమాన సంఘానికి ప్రెసిడెంటు. ఇంక చూడాలి. రికార్డు పేజీలు చింపి ముక్కలు చేసి తెర మీదికి విసిరాం. హీరో ఎంట్రీకి మాకు తెలిసిన మర్యాద అదే. నేనూ విసిరాను. మేడం సినిమా ఆపి లైట్లు వేశారు.

"బాగుంది. అతను ఆడుతున్నప్పుడు వెనకాల ఏం జరిగింది?"

మా మొహాలు చూసి మళ్ళీ వెనక్కి తిప్పి వేశారు. పాటగాడి వేషంలో ఉన్న మంగలి భుజం పక్కన, తెర మూల, ఒక లారీ. ఇద్దరు సైనికులు ఒకామెను జుట్టు పట్టుకుని అందులోకి ఎక్కిస్తున్నారు. కావాలనే చూపించిన దృశ్యం, ఏ చాటూ లేదు. మాకే కనబడలేదు.

శీను లేచాడు. "అంటే మేడం, మా హీరోని అంటన్నారా?"

"నేను ఎవరి పేరూ ఎత్తలేదు గదయ్యా."

"ఎత్తకపోయినా అర్థమైందిలెండి."

సోమవారానికల్లా మేడం అభిమానుల్ని హంతకులన్నారని ఊరంతా పాకింది. కాలేజీ కరస్పాండెంటు మమ్మల్ని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచాడు. నాకు మజ్జిగ కూడా ఇప్పించాడు. అది తాగాలంటే భయమేసింది.

"ఏమ్మా, ఆమె మన హీరోని తిట్టిందా, గవర్నమెంటునా?"

"రెండూ కాదండీ. వెనకాల చూడమన్నారు."

"ఎవరి వెనకాల?"

"సినిమాలోనండీ."

"వెనకాల ఏముంటే ఆమెకెందుకంట?" అని నవ్వాడు. కళ్ళు నవ్వలేదు.

ఆ వారమంతా క్లాసులో ఒకరి పక్కన ఒకరం సర్దుకుని కూర్చోలేకపోయాం. ల్యాబులో మాట బయటికి ఎవరు మోశారు? ఆవిడ ఉద్యోగం ఉంటుందా, పోతుందా? బస్టాండులో మేడం పక్కన నిలబడి, "శీనుగాడే చెప్పుంటాడు మేడం. లేదంటే ల్యాబు అటెండరు," అన్నాను.

ఆవిడ నా వైపు ఆ నమ్మని చూపే చూశారు. "ఆ సినిమాలో ఊళ్ళోవాళ్ళు చేసిందీ అదేనే. ఒకళ్ళనొకళ్ళు అనుమానంగా చూసుకుంటా కూర్చున్నారు. లారీ మాత్రం దాని పని అది చేసుకుపోయింది."

"మరి ఏం చెయ్యాలి మేడం?"

"మనిషి కనబడకపోతే ఎక్కడని అడగాలి. పైకి. అందరికీ వినబడేట్టు." బస్సు వచ్చింది, ఎక్కేశారు.

దసరా సెలవుల తర్వాత ఆవిడ రాలేదు. టైంటేబుల్లో ఆవిడ పేరున్న చోట కొత్త సారు పేరుంది. ఎవరూ ఏమీ చెప్పలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. మొదటి క్లాసులో నేను లేచాను. "వసుంధర మేడం ఏమయ్యారండీ?"

"పుస్తకం తియ్యమ్మా," అన్నాడాయన.

నేను కూర్చోబోతుంటే వెనక బెంచీ కిర్రుమంది. శీను లేచి నిలబడ్డాడు. "ఆ అమ్మాయి అడిగిందానికి చెప్పండి సార్."

ఆయన సుద్దముక్క తీసి బోర్డు మీద పాఠం పేరు రాశాడు. మేడం తిరిగి రాలేదు. మోసింది ఎవరో నాకు ఈరోజుకీ తెలియదు. శీను లేచింది తప్పు దిద్దుకోవడానికా, అసలు తప్పే చేయకనా అన్నదీ తెలియదు. మేడం నేర్పినవాటిలో అనుమానం నాకు తేలిగ్గానే వచ్చింది. తల్లినయ్యాక మరీ ముదిరింది. అడగడమే ఇప్పటికీ నోరు ఎండిపోయేంత కష్టం.

పాప ప్లేస్కూల్లో ఆయా మరియమ్మ వారం నుంచి కనబడటం లేదు. ఎవరో తల్లి ఫిర్యాదు చేసిందంటున్నారు. ఎవరై ఉంటారా అని గేటు దగ్గర అందరి మొహాలూ చూస్తున్నాను, వాళ్ళూ నా మొహం చూస్తున్నారు. ఇందాక తల్లుల వాట్సాప్ గ్రూపులో, యాన్యువల్ డే డ్యాన్సు డ్రెస్సుల చర్చ మధ్యలో, "మరియమ్మ ఎక్కడ?" అని పెట్టాను. చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి. కాసేపటికి ఎవరో, గాజులు ఏ రంగువి అని అడిగారు.

అదే ప్రశ్న మళ్ళీ పెట్టాను.