వర్డెల్ బేస్ వంతు

వర్డెల్ హార్‌గ్రోవ్ వాయించే బేస్ అనే తీగవాద్యం ఆయనకన్నా ఎత్తు. పగలంతా డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలో తలుపులు బిగించిన చేతులతోనే సాయంత్రం ఆ లావుపాటి తీగల్ని మీటేవాడు. ఎన్ని జాజ్ పాటలు కట్టాడో! ఒక్కటీ కాగితం మీద పెట్టలేదు. తన బృందంలో ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరి భాగం వాళ్లకు పాడి వినిపించేవాడు.

"కాగితం ఇస్తే దాన్నే చూస్తూ కూర్చుంటారు. పక్కవాడి మొహం ఎవడు చూస్తాడురా?" అనేవాడు.

డ్రమ్స్ వాయించే క్లియోఫస్ వయసులో ఉన్నప్పటినుంచీ ఆయన పక్కనే ఉన్నాడు. ఒక్క బుర్రలో అన్ని వాద్యాలు ఎలా ఇమిడాయో అతనికి ఈనాటికీ అంతుపట్టదు.

సొంత భాగం మాత్రం వర్డెల్ ఎవరికీ పాడలేదు. తను ఉండగా అది ఇంకొకరికి ఎందుకు?

అంతలో పక్షవాతం వచ్చి ఎడమచెయ్యినీ మాటనూ పట్టుకుపోయింది. చనిపోయిన భార్య ఫ్లోరెట్టా కోసం ఆయన కట్టిన పాటకు బేసే ప్రాణం. మధ్యలో అందరూ ఆగిపోతే, అదొక్కటే నడవాలి. దాన్ని రికార్డు చేసినవాళ్లు లేరు. ఇక ఆ పాట పోయినట్టేనని క్లియోఫస్ కుమిలిపోయాడు.

పోనీ జనానికి గుర్తుంటుందా అంటే, బేస్ ఒంటరిగా మొదలైందంటే చాలు, వినేవాళ్లకు ఊళ్లో కబుర్లన్నీ అప్పుడే గుర్తొస్తాయి. ఆదివారాలు వాళ్లు వాయించే చర్చి కింది హాల్లో చేపలు వేయించే ఆల్బర్టా అయితే సరిగ్గా అప్పుడే, "ఇంకెవరికి కావాలమ్మా చేప?" అని కేక పెట్టేది.

"నా చెయ్యి తీగ మీద పడితే చాలు, నీ నోరు లేస్తుందేం ఆల్బర్టా?" అనేవాడు వర్డెల్.

"నీ తీగలు కడుపు నింపుతాయా నాయనా?" అనేది ఆవిడ.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, చక్రాల కుర్చీలో ఉన్న వర్డెల్ ఎదుట వాళ్లు ఆ పాటే వాయించారు. బేస్ వంతు వచ్చింది. దాన్ని ఇంకెవరితోనో పూరించడం క్లియోఫస్‌కు మనసొప్పలేదు. అందరూ ఆగారు. అతనొక్కడే తాళం సన్నగా నడుపుతూ ఆ చోటు ఖాళీగా వదిలేశాడు.

వంటగది వైపు నుంచి లోగొంతుతో కూనిరాగం వినిపించింది. పట్టకారు చేతిలోనే ఉంది, ఆల్బర్టా వర్డెల్ భాగం పాడుతోంది. తర్వాత పక్క బల్ల దగ్గరివాళ్లు, ఆ వెనకవాళ్లు అందుకున్నారు. ఇన్నేళ్లూ కబుర్లాడినవాళ్లంతా పాడుతున్నారు. తాళం నడుపుతూనే క్లియోఫస్ హాలంతా కలయజూశాడు. మాట్లాడుతూనే ఎప్పుడు విన్నారు వీళ్లంతా!

ఇంతలో వర్డెల్ కుడిచెయ్యి లేచింది. వేలు ఆల్బర్టా వైపు తిరిగి, కిందికి, ఇంకా కిందికి అంది.

"సర్లే, స్వరం దించుతున్నా. మూలపడ్డా పెత్తనం పోలేదు!" అని ఆవిడ ఆ ముక్క మళ్లీ అందుకుంది.

వర్డెల్ తల ఊపి, వేలు పక్క బల్ల వైపు తిప్పాడు. తన భాగాన్ని ఆయన ఇంకొకరికి నేర్పడం అదే మొదటిసారి. కళ్లు తుడుచుకుందామంటే క్లియోఫస్‌కు చేతులు ఖాళీ లేవు.