కోచ్ సార్ చదును చేసిన నేల

మా ఫుట్‌బాల్ కోచ్ సార్ పోయారు. మొన్న మంగళవారం పొద్దున, చేతిలో గడ్డపార ఉండగానే గుండె ఆగింది. మర్నాడు పేపర్లో ఎక్కడా రాలేదు. ఉన్న చోటంతా కంప్యూటర్ ముందు కూర్చున్న మంత్రిగారి చిరునవ్వుకే సరిపోయింది. అందుకని ఆ లోటు తీర్చే గురుతర బాధ్యతను, గోల్ కొట్టడం చేతగాని ఏకైక ఫార్వర్డ్‌గా జట్టులో పేరు తెచ్చుకున్న నేను స్వీకరిస్తున్నాను.

వయసులో ఉన్నప్పుడు సార్ బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ జట్టుకు ఫార్వర్డ్. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలు ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చేవి. హాజరు పుస్తకంలో ఆయన ఫిట్టర్. ఆయన బిగించిన బోల్టును మాత్రం ఎవరూ చూడలేదు. గోల్ కొడితే మేనేజర్ స్వయంగా కౌగిలించుకునేవాడట. మోకాలు పోయాక నిజంగానే బోల్టులు బిగించమన్నారు. కొన్నాళ్లకు జట్టునే ఎత్తేశారు. "అలాయ్‌బలాయ్ తీసుకున్న సారే గేటు కాడ 'ఎవర్నువ్వు' అన్నడు" అని నవ్వుతూ చెప్పేవారు. మాకు నవ్వొచ్చేది కాదు.

మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య, ఎవరికీ పట్టని సర్కారు జాగాలో మాకు ఆట నేర్పారు. ఆయన పద్ధతి ఒకటే: బంతి ముట్టాలంటే ముందు ఒక రాయి మోసి బయట పడేయాలి. ఆలస్యంగా వస్తే రెండు. నాలుగేళ్లలో నేనొక్కణ్నే ఒక చిన్న గుట్టను తరలించాను. గోల్ ముందు తటపటాయిస్తే అరిచేవారు: "గోల్ ముంగట సోంచాయించెటోడు ప్రొఫెసర్ అయితడు గాని ఫార్వర్డ్ గాడు బిడ్డా!"

చుట్టూ అద్దాల మేడలు లేవడం మొదలయ్యేసరికి, జాగా పోతుందేమోనని సార్‌కు ఫికర్ పట్టుకుంది. డిగ్రీ చదివిన పాపానికి అర్జీ నేను రాశాను. మా శ్రమ అధికారులకు తెలియాలని కవిత్వమే ఒలకబోశాను: ఈ దరిదాపుల్లో ఇంత చదునైన నేల లేదు, వెతికినా రాయి దొరకదు, రోడ్డు పక్కనే. చదివి వినిపిస్తే సార్ మురిసిపోయారు. "గింత మంచిగున్నదా మన గ్రౌండు!"

రెండు వారాలకు జీపులోంచి ఒక అధికారి దిగారు. "మీ అర్జీ చదివామండీ. మీరు రాసింది నిజమేనండీ, రాళ్లు పేల్చే పనే లేదు. బిల్డింగుకి ఇదే ఖాయం చేశారండీ."

అందరూ నా వైపు చూశారు. సార్ మాత్రం నా భుజమ్మీద చెయ్యేసి ఆయనతో అన్నారు: "మా పోరడే రాసిండు సార్. మంచిగ రాస్తడు."

రెండు తిట్లు తిట్టి ఉంటే నాకిప్పుడు కాస్త తేలిగ్గా ఉండేది.

రెండువేల సంవత్సరం వచ్చేలోపే బాగుపడాలని మేమందరం కంప్యూటర్ కోర్సుల్లో చేరిపోయాం. సార్ కోకాపేట దిక్కు ఇంకో రాళ్లజాగా పట్టుకున్నారు. ఒకసారి వెళ్తే, ఒంటరిగా ఒక బండరాయితో కుస్తీ పడుతున్నారు.

"ఎందుకు సార్? ఇది గూడ గుంజుకుంటరు."

"గుంజుకునేదాంక ఆడుతరు కదరా. పోరగాళ్లకు గంతసేపు సాలు. నువ్వు జర ఆ కొస పట్టు."

పట్టాను. క్లాసుకు టైమైందని అరగంటలో వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు.

నిన్న వెళ్లాను. ఒక సగం అద్దంలా తయారైంది. ఇంకో సగంలో రాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. శుభ్రం చేసిన సగంలో తెల్లటి సున్నం గీతలు ఎండకు మెరుస్తున్నాయి. దగ్గరికెళ్లి చూశాను. పెనాల్టీ బాక్సు కాదు. పునాదుల కొలతలు.