గిజెలా తెరవని ఉత్తరాలు

ఐర్లండులోని నేవన్‌లో గిజెలా అనే జర్మన్ ముసలావిడ ఉంది. ఎనభై ఆరేళ్ళు. అరవై ఏళ్ళ కిందట ఒక ఐరిష్ కరెంటు మేస్త్రీని పెళ్ళాడి ఈ ఊరొచ్చింది. పిల్లల్లేరు, భర్త పోయాడు. చూపు మసకబారాక, రోజూ పొద్దున్నే స్నానం చేయించి టిఫిన్ పెట్టడానికి, ముసలివాళ్ళను చూసుకునే ఒక ఏజెన్సీ తరఫున లీలారాణి వస్తోంది. లీలారాణిది చీరాల. ఇక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరుపెట్టే పిలుస్తారు గానీ ఆమెకు నోరు రాలేదు. "అమ్మా" అనేది. ఆ మాటకు అర్థం తెలిశాక గిజెలా కాదనలేదు.

పోయిన డిసెంబరులో తువ్వాళ్ళ కోసం ప్రెస్ అనే గోడ అలమర తెరిస్తే వెనకాల ఉత్తరాల కట్ట కనబడింది. ముప్పై పైచిలుకు కవర్లు. అన్నిటి మీదా బెర్లిన్ ముద్రే. ఒక్కటీ చింపలేదు.

"ఇవేంటమ్మా?"

"మా అక్కవి. ఉన్నచోటే పెట్టెయ్," అంది గిజెలా.

సాయంత్రం లీలారాణి భర్త ఎడ్వర్డ్‌తో చెప్పింది. "ముప్పై ఏళ్ళ ఉత్తరాలండీ. ఒక్కటంటే ఒక్కటి చదవలేదు."

"మనకెందుకే? ఏజెన్సీకి తెలిస్తే కంప్లైంట్ అవుద్ది. పని చూసుకుని వచ్చెయ్."

నిజమే అనుకుంది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఎత్తింది గిజెలాయే. క్రిస్మస్ దాటిన వారానికి బెర్లిన్ నుంచి ఇంకో కవరు వచ్చింది.

"దీని మీద రాత వేరేగా ఉందమ్మా," అంది లీలారాణి.

"చదువు," అంది గిజెలా.

"నాకు జర్మన్ రాదుగా."

"అక్షరాలు ఇంగ్లీషువే. కనబడ్డట్టు పలుకు. నాకర్థమవుతుంది."

లీలారాణి కూడబలుక్కుంటూ చదివింది. ఆమెకు ఒక్క ముక్క తెలియలేదు. రెండో వాక్యానికే గిజెలా కళ్ళు మూసుకుంది.

"అక్క పోయింది. అక్టోబరులో. రాసింది దాని కూతురు."

తర్వాత మెల్లగా అంతా చెప్పింది. యుద్ధం ముగిసేసరికి ఆమెకు ఏడేళ్ళు. గెలిచిన నాలుగు దేశాలూ బెర్లిన్‌ను పంచుకున్నాయి. మూడేళ్ళకే వాటి మధ్య చెడింది. వాళ్ళుండే పడమటి సగానికి వచ్చే రోడ్లూ రైళ్ళూ రష్యా మూసేసింది. దాదాపు ఏడాదిపాటు పిండీ బొగ్గూ అమెరికా, ఇంగ్లండు విమానాల్లోనే వచ్చాయి. ఆ చలికాలమంతా అక్క ఎడెల్ తన రొట్టెలో సగం చెల్లెలికి పెట్టి, తనకు ఆకలి లేదనేది.

పెళ్ళయ్యాక ఎడెల్ రష్యా చేతిలోని తూర్పు సగానికి వెళ్ళింది. అప్పటికింకా రైలెక్కి అటూ ఇటూ తిరగనిచ్చేవారు. 1961 ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం ఆమె పెట్టె పట్టుకుని గిజెలా గది ముందు నిలబడింది. మొగుడితో పడడం లేదు, ఇక్కడే ఉండిపోతానంది. మూడేళ్ళ కూతుర్ని తర్వాత ఎలాగో తెచ్చుకుంటానంది.

"ఇల్లుగలావిడ ఒప్పుకోదు, వచ్చే శనివారం రా, ఈలోగా గది చూసిపెడతానన్నాను. స్టేషన్ దాకా నేనే దిగబెట్టాను," అంది గిజెలా. "తెల్లారేసరికి ఊరి మధ్య ముళ్ళతీగ వేశారు. తర్వాత గోడ కట్టారు. ఇరవై ఎనిమిదేళ్ళు."

"గోడ పడ్డాకైనా వెళ్ళలేదా?"

"ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? నా పెళ్ళి కబురు దానికి రాసిన పాత కార్డు మీద నా అడ్రసుంది. దాంతో ఉత్తరాలు మొదలయ్యాయి. తిట్టే ఉంటుందనుకున్నాను."

లీలారాణి లేచి కట్ట తెచ్చింది. "నేను చెప్పాల్సిన మాట కాదేమో. అయినా తిట్లో కాదో ఒక్కటి వినండమ్మా."

అన్నిటికన్నా అడుగున ఉన్నది, 1990 నాటిది, చింపింది. సగం చదివేసరికి గిజెలా ఆపింది. "అది మళ్ళీ." మూడుసార్లు చదివించుకుంది. అప్పుడు ఒక్కో మాటా ఇంగ్లీషులో చెప్పింది.

"'ఆ రోజు నువ్వు ఉండనిచ్చి ఉంటే నా కూతురు గోడకు ఈ తూర్పు పక్కనే, తల్లి లేకుండా పెరిగేది. నన్ను పంపేశావని మొదట్లో ఏడ్చాను. తర్వాత అదే నీ మేలనుకున్నాను. ఒక్కసారి వచ్చి కనబడు.'"

కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది గిజెలా. "ముప్పై నాలుగేళ్ళు పిలిచింది, లీలా. నేనే వినిపించుకోలేదు."

లీలారాణి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. తర్వాత వెళ్ళాల్సిన ఇంటికి ఆలస్యమవుతుందని ఫోను చేసింది.

అప్పట్నుంచి రోజుకొక ఉత్తరం. ఎడ్వర్డ్ విని, "అయితే ఓ అరగంట ముందే వెళ్ళు మరి," అన్నాడు. ఫిబ్రవరికల్లా కట్ట పూర్తయింది. కూతురి ఉత్తరంలో ఉన్న నంబరుకు గిజెలా తనే ఫోను చేసి మాట్లాడింది. మే నెలలో ఆ కూతురు మరియన్నె వచ్చింది. ఆమెకూ అరవై ఆరేళ్ళు, తల నెరిసింది. తొమ్మిది రోజులుంది.

అక్క సమాధి చూడాలని గిజెలాకు ఉంది. ఈ గుండెతో విమానం వద్దని డాక్టరన్నాడు. మరియన్నె ఆదివారాలు ఫోను చేస్తుంది, గంటసేపు మాట్లాడుకుంటారు.

"'మీ అమ్మ తరఫున నన్ను క్షమించు' అని మరియన్నెను అడిగారా?" అంది లీలారాణి ఒకసారి.

"లేదు," అంది గిజెలా. "అది అక్కను అడగాల్సిన మాట, కూతుర్ని కాదు."