శెట్టి కారు టాపు, నాగప్ప గుడ్డ

1954. ఆదోనిలో నాది సీట్లు కుట్టే కొట్టు. బస్సు సీట్లు, జట్కా మెత్తలు, లారీ టార్పాలిన్లు, ఏది వచ్చినా కాదనేవాణ్ణి కాదు. ఆ ఏడు పత్తి వ్యాపారి వీరభద్ర శెట్టి కారు నా చేతికొచ్చింది. యుద్ధానికి ముందటి ఓపెన్ కారు అది. దానికి పైన రేకు ఉండదు. ఇనుప కమాన్ల మీద గుడ్డ పరిచి బిగిస్తారు. ఎండ లేనప్పుడు వెనక్కి మడవచ్చు, వానొస్తే ముందుకు లాక్కోవచ్చు. దాన్నే టాపు అంటాం. శెట్టి కారు టాపు పీలికలై పోయింది.

మద్రాసు నుంచి కాన్వాస్ రావాలంటే నెల పడుతుందన్నారు. శెట్టికి అంత ఓపిక లేదు. శ్రావణంలో వాళ్లమ్మను మంత్రాలయం తీసుకుపోవాలి. ఎమ్మిగనూరులో నాగప్ప అనే నేతగాడున్నాడని, జంట నూలుతో దట్టంగా నేస్తాడని నేనే చెప్పాను.

"గుడ్డ బాగుంటే మా మిల్లు టార్పాలిన్లన్నీ ఆయప్పతోనే నేయిస్తా" అన్నాడు శెట్టి.

ఆ మాట చెప్పగానే నాగప్ప ముఖం విప్పారింది. "ఒక మగ్గం పని లేక మూలపడుండాది ఈరన్నా. సావుకారి అన్నమాట నిలబెట్టుకుంటే రెండూ ఆడతాయి" అన్నాడు. వారం రాత్రింబవళ్లు కూర్చుని నేసిచ్చాడు.

ఇక నా తెలివి చూడండి. టాపును నూలుదారంతో కుట్టాలి. ఊరంతా చూసే కారు గదా, కుట్టు తళతళలాడాలని పట్టుదారం వేశాను. సూది లావు, దారం సన్నం. బిగించాక నా పనికి నాకే ముద్దొచ్చింది.

మాధవరం దగ్గర వాన పట్టుకుందట. మంత్రాలయం నుంచి తిరిగి రాగానే శెట్టి నేరుగా కొట్టుకొచ్చాడు.

"ఏమప్పా ఈరన్నా, ఇది టాపా, జల్లెడా? మాయమ్మ తడిసి ముద్దయింది. ఇప్పుడు జరమొచ్చి పండుకోనుంది."

కొట్టు ముందు నలుగురు నిలబడి వింటున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "నా కుట్టులో ఏం లేదు సావుకారీ. గుడ్డే పలచన. నాగప్ప మోసం చేసినాడు" అనేశాను. ఆడలేక మద్దెల ఓడన్నదట! ఆ సామెత నాకోసమే పుట్టినట్టుంది.

ఆ మాట ఎమ్మిగనూరుకు చేరింది. నాలుగో రోజు నాగప్ప బస్సు దిగి వచ్చాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. సంచిలోంచి అదే గుడ్డ ముక్క తీశాడు. నా ముక్కాలిపీటను తిరగేసి, దాని కాళ్లకు గుడ్డ అంచులు జోలెలా కట్టి, చెంబెడు నీళ్లు పోశాడు. మేమిద్దరం చెరో బీడీ కాల్చేదాకా ఒక్క చుక్క కింద పడలేదు. తర్వాత నా చెత్తలోంచి ఆ టాపు గుడ్డదే, పట్టుదారం కుట్టు ఉన్న పీలిక ఏరి, అట్లాగే కట్టి నీళ్లు పోశాడు. కుట్టు వెంబడి టపటప కారింది.

"నూలుదారం తడిస్తే ఉబ్బి సూది బొక్కను మూసేస్తాది. పట్టుదారం ఉబ్బదు. కుట్టేవాడివి, నీకు తెలీదా అప్పా?"

తెలుసు. సిగ్గంతా అక్కడే ఉంది.

"నేను సెప్తే సావుకారి నమ్మడు. నీ నోటితో అన్నమాట నీ నోటితోనే దిద్దు" అన్నాడు.

"రేపే సెప్తానన్నా" అన్నాను.

చెప్పలేదు. గుడ్డకు మైనం పట్టిస్తానని శెట్టితో బొంకి కారు తెప్పించుకున్నాను. కుట్లన్నీ విప్పి, పాత రంధ్రాల మీద మిగిలిన గుడ్డే పట్టీలుగా వేసి, నూలుదారంతో మళ్లీ కుట్టాను. తర్వాతి వానకు చుక్క దిగలేదు. "నీ చెయ్యి పడితే చెడ్డ గుడ్డ కూడా మంచిదైతాదప్పా" అని శెట్టి భుజం తట్టాడు. నేను నవ్వాను. ఛీ, ఆ నవ్వు తలుచుకుంటే ఈనాటికీ నా ముఖం నాకే చూసుకోబుద్ధి కాదు.

పత్తి కాలం వచ్చింది. చిరిగిన సంచులు కుట్టడానికి శెట్టి మిల్లుకు పోతే, అక్కడ నాగప్ప పత్తి బోరాలు మోస్తున్నాడు. మోసగాడన్న పేరు పడ్డాక ఆయన గుడ్డ కొనేవాళ్లే లేరట. ఒళ్లంతా దూది. నన్ను చూసి ఆగాడు.

"ఈరన్నా, టాపు ఇంకా కారుతాందా?"

"లేదన్నా."

"గుడ్డ మార్చినావా?"

"లేదు. నీ గుడ్డే."

"సాలప్పా" అని బోరాన్ని వీపుకెత్తుకుని పోయినాడు.

నా కాళ్లు నేరుగా శెట్టి గద్దె దగ్గరికే నడిచాయి. ఉన్నదున్నట్టు చెప్పేశాను. "టార్పాలిన్లు బొంబాయి నుంచి వచ్చేసినాయి గదప్పా. ఈ మాట ఆ పొద్దే సెప్పలేకపోతివా?" అన్నాడు శెట్టి.

అప్పట్నుంచీ ఏ పని చెడినా ముందు నా కుట్టు మీదే నీళ్లు పోసి చూసుకుంటాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లకూ అదే చెప్పాను. కానీ ఆ టాపు కుట్లు విప్పడానికి నాకు ఒక్క పూట పట్టింది. నోరు విప్పడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పటికే నాగప్ప మగ్గాలు రెండూ అమ్ముడుపోయి ఇంకొకరి ఇంట్లో ఆడుతున్నాయి.