తొందరక్క క్లస్టర్ కట్టిన వైనం

ఆమె ఏడో నెలలోనే పుట్టింది. "కడుపులో కూడా కుదురుగా ఉండలేదమ్మా ఇది" అని వాళ్ళమ్మ ఇప్పటికీ ఎవరొచ్చినా చెబుతుంది. బడిలో టీచరు ప్రశ్న పూర్తిచేయకముందే చెయ్యెత్తేది. సగం ప్రశ్నకి పూర్తి జవాబు చెప్పేది. పెళ్ళయ్యాక మొగుడు "కాఫీ వద్దు" అనబోతే "కాఫీ" దగ్గరే కప్పు చేతికొచ్చేది. పాపం, వద్దనుకున్న కాఫీలు ఎన్ని తాగాడో ఆయనకే తెలియదు. ఆఫీసులో అందరూ ఆమెని తొందరక్క అనేవారు, అదీ ఎదురుగానే. ఆమె ఏమీ అనుకునేది కాదు. అనుకునే తీరిక ఉంటే కదా!

ఆ ఆఫీసు ఒక లాండ్రీ కంపెనీది. కింద హాల్లో ఉతికే యంత్రాలు, ఇస్త్రీ బల్లలు. మేడమీద కంప్యూటర్ల గది. కిందనుంచి వచ్చే ఆవిరికి పైగది కిటికీ అద్దాలు పొద్దస్తమానం చెమట పట్టినట్టుండేవి. జనం ఫోన్లో కబురు పెడితే వ్యాను వచ్చి బట్టలు పట్టుకెళుతుంది. ప్రతి బట్టకీ గీతలున్న చిన్న చీటీ ఒకటి కుడతారు. ఆ గీతలు చదివి, ఇది ఫలానా వాళ్ళ చొక్కా అని చెప్పే ప్రోగ్రామే ఆ కంపెనీకి ప్రాణం. ఆ ప్రాణం మెట్ల కింద ఉన్న ఒక పాత కంప్యూటర్లో, రోజుకోసారి ఆగిపోతూ, కొట్టుమిట్టాడుతూ ఉండేది.

"ఏమ్మా, అందరూ క్లౌడ్ అంటున్నారు. మనమూ ఎక్కుదామా?" అన్నాడు యజమాని.

"ఎక్కించేశా సార్" అందామె. నిజానికి అప్పటికి ఖాతా తెరిచే పేజీ మాత్రమే తెరిచింది.

చేయవలసింది ఇదీ. ఎక్కడో ఉన్న పెద్ద కంపెనీవాళ్ళ కంప్యూటర్లు కొన్ని అద్దెకి తీసుకుని, వాటిని ఒక జట్టుగా కట్టాలి. దాన్నే క్లస్టర్ అంటారు. మన ప్రోగ్రాముల్ని ఒక్కొక్కటిగా కంటెయినర్లలో, అంటే కావలసినవన్నీ సర్ది మూతపెట్టిన డబ్బాల్లో పెట్టి అప్పగిస్తే, ఏ డబ్బా ఏ కంప్యూటర్ మీద ఉండాలో చూసుకునే పెత్తందారు ఒకటి ఆ జట్టులోనే ఉంటుంది. అది మధ్యమధ్య ప్రతి డబ్బానీ "ఉన్నావా?" అని పలకరిస్తుంది. పలక్కపోతే తీసేసి, ఆ చోట అలాంటిదే కొత్తది పెడుతుంది. ఎంతసేపు ఆగి పలకరించాలి, ఎన్నిసార్లు పలక్కపోతే తీసేయాలి అన్నది మాత్రం కట్టేవాళ్ళ ఇష్టం.

కాస్త ఆగి, మూడుసార్లు అడిగి చూడమని అద్దెకిచ్చినవాళ్ళ సూచనల్లో ఉంది. తొందరక్కకి నవ్వొచ్చింది. "పనిచేసేవాడు ఒక్క పిలుపుకే పలుకుతాడు. మూడుసార్లు పిలిపించుకునేది మా ఆయన" అంటూ, డబ్బా పెట్టగానే అడగాలి, ఒక్కసారి పలక్కపోతే తీసేయాలి అని రాసిపారేసింది. లేడికి లేచిందే పరుగు.

మర్నాడు పొద్దున్నే పనంతా క్లస్టర్ మీదకి మళ్ళించింది. పాత కంప్యూటర్ని విప్పించి అటక కూడా ఎక్కించేసింది. చిన్నచిన్న ప్రోగ్రాములన్నీ చిటికెలో లేచి కూర్చున్నాయి. చీటీలు చదివేది మాత్రం లేవలేదు. పెత్తందారు దాన్ని తీసేసి కొత్తది పెట్టింది. అదీ లేవలేదు. దాన్నీ తీసేసింది.

పక్క బల్ల దగ్గర ప్రోగ్రాముల్ని పరీక్షించే పెద్దాయన ఉండేవాడు. ఆయన మాట మొదలుపెడితే పూర్తయ్యేలోపు టీ చల్లారిపోతుంది. అందరికీ బాబాయ్.

"అమ్మాయ్... నీ..." అన్నాడు బాబాయ్.

"చూస్తున్నా బాబాయ్, నేనే చూస్తున్నా!"

గట్టిగా అడిగితే పలుకుతుందేమోనని, పలకరింపుల మధ్య వ్యవధి ఇంకా తగ్గించింది. దాంతో కోతిపుండు బ్రహ్మరాక్షసి అయింది. కొత్త డబ్బాలు ఇలా వస్తున్నాయి, అలా పోతున్నాయి.

ఇంతలో ఇస్త్రీ మేస్త్రీ చేతినిండా బట్టలతో మేడెక్కి వచ్చాడు. "అమ్మా, ఏది ఎవరిదో చీటీల మిషను చెప్పట్లేదు. కింద జనం ఆగట్లేదు."

ఆమె కాలు కాలిన పిల్లిలా కిందికి పరిగెత్తింది. కౌంటరు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఒకే దుప్పటి చెరో కొసా పట్టుకుని ఉన్నారు.

"నీలం అంచు. ఇది మాదే!"

"లోకంలో నీలం అంచు మీకొక్కరికేనా?"

మేస్త్రీ చిల్లులు పడ్డ బనీను ఒకటి పైకెత్తి, టై కట్టుకున్న పెద్దమనిషిని అడిగాడు. "సార్, ఇది మీదేనా చూడండి."

"ఛఛ, నాది కాదు" అన్నాడాయన, అప్పడిగే చుట్టం ఎదురైనట్టు మొహం తిప్పేసుకుని. అలాంటి బనీన్లు ఒక బుట్టెడు తేలాయి. దుప్పట్లకి ఇద్దరేసి యజమానులు, బనీన్లకి ఒక్కరూ లేరు. జనం తొందరక్కని చూసి ఎందుకో ముసిముసిగా నవ్వారు. తన అవస్థకి జాలిపడుతున్నారనుకుని ఆమె పైకి వచ్చేసింది.

"అమ్మాయ్, నీ స్వె..." అన్నాడు బాబాయ్.

"సర్వరా? సర్వర్ బాగానే ఉంది బాబాయ్!"

యజమాని గుమ్మంలో నిలబడ్డాడు. "ఏమ్మా, పాతదాన్నే అటక దింపుదామా?"

ఆ మాట చురుక్కుమంది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. పోయేముందు ఆ ప్రోగ్రాం తెరమీద ఏం చెప్పిందో, పొద్దుటినుంచి మొదటిసారి నిదానంగా చదివింది. "ఖాతాదారుల పేర్లు చదువుతున్నాను. చదువుతున్నాను. సగం అయ్" అని ఉంది. అక్కడితో ఆఖరు. దాని తరవాతది కూడా "సగం అయ్". ఆ తరవాతదీ అంతే. ఊళ్ళోవాళ్ళ పేర్లన్నీ చదువుకుంటే గానీ నోరు విప్పలేని ప్రోగ్రాం అది. పెట్టీ పెట్టగానే అడిగి, పలకలేదని తీసేస్తుంటే ఇంకేం బతుకుతుంది? పురిట్లోనే సంధి.

"దీని పీక నేనే నొక్కేస్తున్నా బాబాయ్!" అందామె. ఆమె మొహం చిన్నబోయింది. సూచనల్లో ఉన్నట్టే కాస్త ఆగమని, మూడుసార్లు అడగమని మార్చింది. ఇక చేయడానికేమీ లేదు, ఎదురుచూడటం తప్ప. మీటల మీదకి వెళ్ళిపోతున్న చేతుల్ని తొడల కింద పెట్టుకుని కూర్చుంది. "సగం అయ్యింది" అని వచ్చింది. ఆ తరవాత "అంతా చదివాను, సిద్ధం" అని వచ్చింది. అదే క్షణాన కింద చీటీల మిషను కీచుమంది. "పలికిందమ్మా!" అని మేస్త్రీ కేక పెట్టాడు.

ఆమె ఊపిరి పీల్చుకుని పక్కకి తిరిగింది. "బాబాయ్, పొద్దుట్నుంచీ ఏదో చెప్పబోతున్నారు. చెప్పండి."

బాబాయ్ కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమె పెదవి కొరుక్కుంది గానీ నోరు మెదపలేదు.

"ఏం లేదమ్మాయ్... నీ స్వెట్టరు... తిరగేసి వేసుకున్నావు. కుట్లన్నీ పైకే ఉన్నాయి. మెడ దగ్గర మన చీటీ కూడా. కిందికెళ్ళకముందే... చెబుదామనుకున్నా."

సాయంత్రానికల్లా దుప్పట్ల తగువు తీరింది. బుట్టెడు బనీన్లనీ మిషను కింద పెడితే, చీటీలు మొహమాటపడకుండా ఎవరివి వాళ్ళవని చెప్పేశాయి. టై పెద్దమనిషిది కాయితంలో చుట్టి ఇంటికి పంపారు. నాది కాదని ఆయనా వెనక్కి పంపలేదు.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం అద్దె కంప్యూటర్లలో ఒకటి నిజంగానే చచ్చిపోయింది. పెత్తందారు దానిమీది డబ్బాలన్నిటినీ పక్కవాటి మీద మళ్ళీ నిలబెట్టి, వాటికి తీరిగ్గా పేర్లు చదువుకునే వ్యవధి ఇచ్చి, పని సాగించింది. తొందరక్క రెండేసి మెట్లు దూకుతూ కిందికొచ్చింది.

"మేస్త్రీ, తెలుసా! ఒక కంప్యూటర్ పోయింది!"

ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కంగారుగా చూశాడు. "అయ్యో, ఏమైందమ్మా?"

"ఏమీ కాలేదు!"

"ఏమీ కాలేదా?"

"అదే! అస్సలేమీ కాలేదు!" ఆమె మొహం వెలిగిపోతోంది.

"మంచిదేగా" అన్నాడు మేస్త్రీ అయోమయంగా, బల్లమీది చొక్కా కాలరు మడత సరిచేస్తూ. ఆమె అప్పటికే కౌంటరు దగ్గరున్న ఖాతాదారుకి ఆ కబురు చెప్పడానికి వెళ్ళిపోయింది.